కళాశాలయా, విమాన శిక్షణయా?

(యౌవనస్థుల కూటమిలో తల్లిదండ్రులను, ఇంటర్మీడియెట్ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పాదిరిగారి నోట వినదగినదేనా అని మీలో కొందరికి సందేహం కలిగియుండవచ్చు. నేను విమానం నడిపినవాణ్ణి కాను. బి.ఏ. ముగించి, వేదాంత కళాశాలలో చదివి, పదునెనిమిది ఏండ్లుగా గురుమండలాలలో పని చేస్తున్నవాణ్ణి. అయితే గత నాలుగైదేండ్లలో ఈ ప్రశ్న పట్టుకొని నా గడప తొక్కిన కుటుంబాలు అయిదు. అందులో రెండు కుటుంబాలు ఆడపిల్లల కోసం వచ్చినవే. వారికి జవాబు చెప్పవలసి వచ్చి, తెలిసినవారిని అడిగి, నిబంధనలు చదివి, శిక్షణ పొందిన పిల్లలతో కూర్చుని మాట్లాడి తెలుసుకొన్న సంగతులే నేడు మీ ముందుంచుతున్నాను.

ఒకప్పుడు మన ఇండ్లలో పరీక్షలు కాగానే వచ్చే ప్రశ్న టీచరు ట్రెయినింగా, నర్సు ట్రెయినింగా అన్నది. తరువాత కాలంలో ఇంజనీరింగా, డిగ్రీయా అన్నది. ఏది ఎంచుకొన్నా పెద్ద ప్రమాదం లేదు. ఒక సంవత్సరం పోయినా మరొక సంవత్సరం దిద్దుకోవచ్చు. ఇప్పుడు వచ్చిన ప్రశ్న అటువంటిది కాదు. ఇందులో ఒక తప్పటడుగుకు ఇల్లు పోవచ్చు. ఇది మాటవరుసకు చెబుతున్నది కాదు. ఆర్.టి.సి.లో డ్రైవరుగా పని చేసే ఒక తండ్రి, ఆసుపత్రిలో నర్సుగా పని చేసే తల్లి నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మాకున్నది ఆ ఒక్క ఇల్లే. పాప పైలట్ అవుతానంటున్నది. తాకట్టు పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగారు. ఆ పాప ప్రక్కనే కూర్చుని నేల చూపులు చూస్తున్నది. అట్టివారికి ఊరకే "ప్రార్థన చేసుకోండి" అని చెప్పి పంపివేయుట నాకు సరి అనిపించలేదు. ప్రార్థన చేసుకోవలసినదే. దానితోపాటు కాగితం, కలం తీసుకొని లెక్క కూడా వేయవలెను. గోపురపు ఉపమానం ఎరిగిన మనకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

మొట్టమొదట ఒక అపోహ తొలగించుకొందాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు, అనగా జీతానికి విమానం నడిపే అర్హత పత్రం పొందుటకు విశ్వవిద్యాలయ పట్టా అవసరం లేదు. ఇంటర్మీడియెట్ చాలు. అమెరికాలో ఉన్న మన బంధువులు ఫోనులో, డిగ్రీ లేనిదే పైలట్ ఉద్యోగం ఎవరిస్తారు అని గట్టిగా చెబుతుంటారు. వారు చెప్పేది ఆ దేశపు సంగతి. అక్కడి పెద్ద సంస్థలు చాలాకాలం నాలుగేండ్ల డిగ్రీ అడిగేవి. అక్కడ కూడ డెల్టా సంస్థ 2022లో ఆ నిబంధన తీసివేసింది. కనుక ఇక్కడి పిల్లలకు ఆ భయం పెట్టవద్దు.

ఇక్కడి నిబంధన ఏమనగా, వయస్సు 18 నిండవలెను. నేర్చుకొనుటకు పదహారవ యేటనే స్టూడెంట్ పైలట్ లైసెన్సు తీసుకోవచ్చును గాని, కమర్షియల్ లైసెన్సుకు 18 ఏండ్లు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండవలెనన్నది చాలాకాలంగా ఉన్న నియమం. ఇతర గ్రూపులవారికి కూడ అవకాశం ఇవ్వవలెనని 2025లో ప్రతిపాదన వచ్చింది గనుక, చేరే సమయానికి నియమం ఎట్లున్నదో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారి యొద్ద, అనగా డి.జి.సి.ఎ. యొద్ద సరి చూచుకొనవలెను. సి.ఇ.సి., బై.పి.సి. చదివిన పిల్లలు ఆ రెండు సబ్జెక్టులను జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా వ్రాసి పాసైన ఉదాహరణలు చాలా ఉన్నవి. అయినను పదవ తరగతి పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఆకాశం మీద ఏ మాత్రం మనసున్నా ఎం.పి.సి. తీసుకోండి. తరువాత మనసు మారినా నష్టం లేదు. మారకపోతే చుట్టు దారి తిరగనక్కరలేదు.

ఆ మీదట 200 గంటలు విమానం నడిపియుండవలెను. ఈ అంకె వినగానే మన పిల్లలు, రోజుకు రెండు గంటలైతే వంద రోజులే గదా అంటారు. అట్లు కాదు. ఆ 200 గంటలలో 100 గంటలు తానే బాధ్యత వహించి నడిపినవై యుండవలెను. అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్ళకు, అనగా సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకుండా, దారిలో వేరు వేరు విమానాశ్రయాలలో దిగి సాగవలెను. రాత్రివేళ నడిపిన గంటలు 5, కేవలం పరికరాలను చూచి నడిపిన గంటలు 10 ఉండవలెను. వాన వచ్చినా, మబ్బు కమ్మినా, మంచు పట్టినా ఆ రోజు ఎగరరు. విమానం మరమ్మతుకు పోతే ఎగరరు. శిక్షకుడు సెలవులో ఉంటే ఎగరరు. ఏడాదిన్నరలో పూర్తి అవుతుందన్నది రెండేండ్లు, రెండున్నరేండ్లు పట్టిన పిల్లలను నేను చూచాను. ఇంకను నేవిగేషను, వాతావరణ శాస్త్రం, గగనయాన నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు వ్రాత పరీక్షలుగా ఉంటవి. పాసు మార్కులు నూటికి 70. రేడియోలో మాట్లాడే అర్హతకు వేరొక పరీక్ష. కావున పుస్తకాలంటే విసుగు పుట్టి విమానం వైపు చూచే కుమారుడికి ముందే చెప్పండి, ఇక్కడ కూడ పుస్తకాలున్నవని.

ఇప్పుడు నేను అందరికంటె గట్టిగా చెప్పదలచిన మాట. వైద్య పరీక్ష మొదట, ఫీజు తరువాత.

పైలట్ కాగోరేవారికి రెండు వైద్య పరీక్షలున్నవి. మొదటిది క్లాస్ టూ. డి.జి.సి.ఎ. గుర్తించిన వైద్యులే దానిని చేస్తారు. ఆ జాబితా డి.జి.సి.ఎ. వారి యొద్ద దొరుకుతుంది. తరువాతది క్లాస్ వన్. కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ వన్ తప్పనిసరి. గుండె, చెవి, ముక్కు, రక్తం, మూత్రం, కన్ను అన్నీ చూస్తారు. కంటి అద్దాలు పెట్టుకొన్నంత మాత్రాన పనికిరారన్నది నిజం కాదు. నిర్ణీత హద్దులలో ఉండి, అద్దాలతో చూపు సరియైతే అంగీకరిస్తారు. కాని రంగులు వేరుపరచి గుర్తించే శక్తి లేనివారికి ఈ మార్గం చాలా కష్టం. ఎరుపు, ఆకుపచ్చలను పోల్చుకోలేని ఈ లోపం ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో ఎక్కువ. ఉన్నట్టు వారికే తెలియదు. బడిలో ఎవరూ అడగరు, పొలంలో ఎవరూ అడగరు.

ప్రక్క గురుమండలంలో ఒక యువకుని విషయంలో ఇదే జరిగింది. తండ్రి పెద్ద మొత్తం ఒక సంస్థకు ముందుగా కట్టారు. తరువాత వైద్య పరీక్షలో అబ్బాయికి రంగుల గుర్తింపు లోపమున్నట్టు తేలింది. కట్టిన సొమ్ములో సగం కంటె తక్కువ, అది కూడ ఏడాది తిరిగిన తరువాత చేతికి వచ్చింది. ఆ తండ్రి మేనమామతో మాటలు పోయినవి, ఎందుకనగా ఆ సంస్థను చూపించినది మేనమామ. ఒక చిన్న రంగుల చుక్కల పుస్తకం ముందు అయిదు నిమిషాలు కూర్చుంటే తప్పిపోయే నష్టం అది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అంటే ఇదే.

ఇంకొక సంగతి. క్లాస్ వన్ ఒక్కసారి పాసైతే జీవితమంతా నిలిచేది కాదు. నలభై ఏండ్లలోపు వారైనా సంవత్సరానికొకసారి మరల చేయించుకోవలెను. ముప్పై అయిదవ యేట రక్తంలో చక్కెర హెచ్చినా, గుండెలో చిన్న తేడా కనిపించినా, ఆ ఉద్యోగం ఆగిపోవచ్చు. మనలో చక్కెర జబ్బు లేని కుటుంబం ఏది? ఒక గుమాస్తాకు గాని, ఉపాధ్యాయుడికి గాని, నావంటి బోధకుడికి గాని అది ఉద్యోగాన్ని తీసివేయదు. పైలట్‌కు తీసివేయగలదు. కనుకనే డిగ్రీ ఎందుకు అని అడిగేవారికి నా మొదటి జవాబు ఇది. విమానం నడుపుటకు డిగ్రీ అక్కరలేదు. విమానం నడపలేని రోజున అక్కరకు వస్తుంది.

డబ్బు సంగతికి వద్దాం. మన దేశంలో కమర్షియల్ లైసెన్సు వరకు అయ్యే ఖర్చు నేడు 50 లక్షలకు కొంచెం అటూ ఇటూగా ఉంటున్నది. హాస్టలు, భోజనం, మరల మరల వ్రాసే పరీక్షల రుసుములు కొన్నిచోట్ల అందులో కలియవు. ఇంతటితో అయిపోలేదు. ఎయిర్‌బస్ 320 గాని, బోయింగ్ 737 గాని నడుపుటకు ఆ విమానానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ కావలెను. దానిని టైప్ రేటింగ్ అంటారు. దానికి మరికొన్ని లక్షలు. పెద్ద సంస్థలు జరిపే కాడెట్ కోర్సులలో మొత్తం కోటి రూపాయలు దాటేవి కూడ ఉన్నవి.

50 లక్షలు అప్పు తెచ్చామనుకొందాం. నూటికి సాలీనా 11 రూపాయల వడ్డీ వేసుకొంటే, వడ్డీ ఒక్కటే సంవత్సరానికి అయిదున్నర లక్షలు. నెలకు సుమారు 46 వేలు. అసలులో ఒక్క రూపాయి తీరకుండా! పిల్లవాడు శిక్షణలో ఉన్న కాలానికి, ఉద్యోగం కొరకు కనిపెట్టే కాలానికి కూడ ఈ వడ్డీ పెరుగుతూనే యుంటుంది. ఇంత మొత్తానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు లేనిదే ముందుకు రావు. మన ఆస్తి అనగా సాధారణంగా ఒక ఇల్లు, లేక తాతలనాటి ఎకరం, రెండెకరాలు. చెల్లెలి పెండ్లి, తల్లి ఆపరేషను, అన్నీ ఆ ఎకరం మీదనే ఆధారపడి యుంటవి. ఒక బిడ్డ రెక్కలకు ఇంటిలోని మిగిలిన బిడ్డల కాళ్ళు కోయవచ్చునా అన్నది ప్రతి తండ్రి, ప్రతి తల్లి తమలో తాము తేల్చుకొనవలెను. నేను తేల్చలేను.

ప్రభుత్వ సహాయం సంగతి కూడ అడుగుతారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పథకంలో పైలట్ శిక్షణకు కూడ చోటున్నది. మనవారిలో అధికులు బి.సి.-సి క్రింద నమోదైనవారు గనుక అది వారికి వర్తించదు. ఆశ పెట్టుకొని దళారీల చుట్టు తిరుగుటకంటె, తమ ధ్రువపత్రానికి ఏది వర్తిస్తుందో కలెక్టరు కార్యాలయంలో ముందుగా విచారించుట మేలు.

ఉద్యోగాల మాట ఎట్లున్నదంటే, ఇది కెరటము వంటిది. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, అదే సంవత్సరం జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డరు ప్రకటించినవి. ఆ వార్త చూచి, ఇన్ని విమానాలకు ఎంతమంది పైలట్లు కావలెనో గదా అని శిక్షణ సంస్థలన్నీ ప్రకటనలు వేసినవి. అది నిజమే. కాని అదే 2023 మే నెలలో గో ఫస్ట్ సంస్థ ఆగిపోయింది. దానికి ముందు 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. అంతకుముందు 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది. 2020లో కరోనా వచ్చి మార్చి 25 నుండి రెండు నెలలు దేశములోని ప్రయాణీకుల విమానాలన్నీ నేలనే నిలిచినవి. సంస్థ మూతపడినప్పుడు వేలాది గంటల అనుభవమున్న కెప్టెన్లు సహితం ఉద్యోగాలకు బయలుదేరుతారు. 200 గంటల కుర్రవాడు వారి వెనుక వరుసలో నిలబడవలెను. చేరేనాటి గాలి, ముగించేనాటి గాలి ఒకటిగా ఉండదు. ఇది నేల విడిచి సాము. కావున కింద ఏమున్నదో చూచుకొని మరీ చేయవలెను.

నాకు తెలిసిన ఒక యువకుడు 2019లో లైసెన్సు చేతికి తీసుకొన్నాడు. అప్పటికే జెట్ ఆగింది. వెనువెంటనే కరోనా. మూడేండ్లకు పైగా ఉద్యోగం లేదు. లైసెన్సు చెల్లుబాటులో ఉంచుకొనుటకు అప్పుడప్పుడు ఎగరవలెను, దానికి మరల ఖర్చు. అతడు శిక్షణ కాలంలోనే దూరవిద్యలో బి.కాం. వ్రాసి ఉంచుకొన్నాడు. దానితో ఒక ఇన్సూరెన్సు కార్యాలయంలో చేరి, ఆ జీతంతో వడ్డీ కట్టుకొంటూ వచ్చి, 2023లో ఒక విమాన సంస్థలో కో-పైలట్‌గా చేరాడు. "అయ్యగారూ, ఆ బి.కాం. నా పారాచూట్" అన్నాడు. తండ్రి బలవంతం మీద వ్రాశాడట ఆ పరీక్షలు.

ఇక్కడ అసలు విషయం బయటపడుతుంది. కళాశాలయా, విమాన శిక్షణయా అన్న ప్రశ్నను మనం ఒకదానికొకటి పగ ఉన్నట్టు పెట్టుకొన్నాం. అట్టి పగ లేదు. 1982లో హైదరాబాదులో ప్రారంభమైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది, దేశములోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఏ ఫ్లయింగ్ క్లబ్బులో ఉన్నా వీటిలో చేరి చదువుకోవచ్చు. వానాకాలంలో ఎగరని రోజులు ఎన్నో ఉంటవని చెప్పితిని గదా! కొన్ని శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయాలతో కలిసి బి.ఎస్సీ. ఏవియేషన్ అనే పట్టా కూడ ఇప్పిస్తున్నవి. నా అభిప్రాయంలో అది తక్కువ ఉపయోగం. విమానయానం చెడిన రోజున విమానయానపు డిగ్రీని ఎవరడుగుతారు? సాదా బి.కాం., బి.ఎస్సీ. గణితం, కంప్యూటర్లు అంతకంటె నయం.

పట్టా లేనివారు గొప్ప పైలట్లు కాలేదా అని యౌవనస్థులు అడుగుతారు. అయ్యారు. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో మొట్టమొదటి పైలట్ లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటా విశ్వవిద్యాలయంలో చదివినవారు కారు. కేంబ్రిడ్జికి వెళ్ళవలెనన్న కోరిక ఉండగానే తండ్రి 1925లో ఆయనను వ్యాపారంలోనికి పిలిపించారు. 1932 అక్టోబరు 15న కరాచీ నుండి బొంబాయికి టపా విమానం నడిపినవారు ఆయనే. కాని ఆయన వెనుక టాటా కుటుంబమున్నది. మన వెనుక ఎవరున్నారో చూచుకొని ఆ ఉదాహరణ చెప్పుకోవలెను. రెండు చదువులు చదివినవారి ఉదాహరణ కావలెనంటే, 2009 జనవరి 15న ఇంజన్లు రెండు చెడిన విమానాన్ని న్యూయార్కులో హడ్సన్ నది మీద దింపి 155 మందినీ బ్రతికించిన కెప్టెన్ సలెన్‌బర్గర్ ఉన్నారు. పదహారేండ్ల ప్రాయంలోనే ఎగురుట నేర్చినవాడు. ఆ మీదట వాయుసేన అకాడమీలో మనస్తత్వశాస్త్రంలో పట్టా, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదివాడు.

ఆడపిల్లల తల్లులకు మన హైదరాబాదు సంగతి ఒకటి చెబుతాను. ప్రేమ్ మాథుర్ అనే యువతి 1947లో కమర్షియల్ లైసెన్సు పొంది, ఎన్నో సంస్థలకు దరఖాస్తు పెట్టుకొంటే ఆడపిల్ల అని కాదన్నారు. ఆమెను తీసుకొన్నది హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. మన బేగంపేట నుండి ఎగిరిన విమానాలవి. అప్పుడే 1947లో ఒక సంస్థ అట్లు చేయగలిగినప్పుడు, నేడు "ఆడపిల్లకు విమానమేమిటి" అని మన వరండాలలో కూర్చుని అనుట బాగుండదు. మన దేశ విమాన సంస్థలలో మహిళా పైలట్ల పాలు ప్రపంచపు సగటు కంటె చాలా ఎక్కువ.

ఇప్పుడు మనవారు చాలామంది ఎరుగని దారిని గురించి. ఫీజు లేని దారి అది. అది వాయుసేన.

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు, చదువుతున్నవారు నేషనల్ డిఫెన్సు అకాడమీ పరీక్ష వ్రాసి వాయుసేన విభాగం కోరవచ్చు. యు.పి.ఎస్.సి. వారు సంవత్సరానికి రెండుసార్లు ఈ పరీక్ష పెడతారు. వయస్సు సుమారు పదహారున్నర మొదలు పందొమ్మిదిన్నర లోపల. తరువాత అయిదు రోజుల ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష, పైలట్‌గా పనికివస్తారా అని చూచే కంప్యూటరు పరీక్ష. ఈ కంప్యూటరు పరీక్షను జీవితంలో ఒక్కసారే వ్రాయనిస్తారు గనుక సిద్ధపడి వెళ్ళవలెను. ఎంపికైతే పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేండ్లు. అక్కడ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు డిగ్రీ వస్తుంది! అనగా ఏ రెంటిలో ఏది అని మనం తల పట్టుకొని కూర్చున్నామో ఆ రెండూ ఒక్కచోట, చిన్న చిల్లర ఖర్చులు తప్ప తండ్రి మీద భారం లేకుండా. ఆ మీదట విమాన శిక్షణకు వచ్చేది ఎక్కడికనుకొన్నారు? మన హైదరాబాదు ప్రక్కనున్న దుండిగల్ వాయుసేన అకాడమీకి. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశం మీద ఎన్.డి.ఎ.లో ఆడపిల్లలకు తలుపు తెరిచారు. 2022లో చేరిన ఆ మొదటి జట్టులోని 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించి బయటికి వచ్చారు.

మొదట డిగ్రీ చదవదలచినవారికి ఏ.ఎఫ్.క్యాట్ అనే వాయుసేన పరీక్ష ఉన్నది. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివియుండి, డిగ్రీలో తగిన మార్కులుండి, 20 మొదలు 24 ఏండ్ల లోపలివారు వ్రాయవచ్చు. 2016 జూన్ 18న దుండిగల్‌లో మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు, అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, పట్టాలు పుచ్చుకొన్నారు. ఆ ముగ్గురూ ముందు ఇంజనీరింగు డిగ్రీ చదివినవారే.

అయితే రెండు మాటలు. ఒకటి, పోటీ మిక్కిలి ఎక్కువ. వచ్చేవరకు వేరొక చదువులో ఉండవలసినదే. రెండు, ఇది దేశ సేవకు పోయే ఉద్యోగం. ఉచితంగా నేర్చుకొని విమాన సంస్థకు దూకుదామన్న తలంపుతో పోయేవారు పోకుండుట మంచిది. ఇంటర్వ్యూ చేసేవారు అది అయిదు రోజులలో పసిగట్టకపోరు.

నేను చెప్పిన ఆర్.టి.సి. డ్రైవరుగారి అమ్మాయి క్లాస్ టూ వైద్య పరీక్ష చేయించుకొన్నది, పాసైనది. ఎన్.డి.ఎ. వ్రాసినది, రాలేదు. ఇప్పుడు బి.ఎస్సీ. రెండవ సంవత్సరంలో ఉండి ఏ.ఎఫ్.క్యాట్‌కు చదువుతున్నది. ఇల్లు తాకట్టు పెట్టలేదు. అది సరియైన నిర్ణయమా అని ఇంకను ఎవరూ చెప్పలేరు. ఆ తల్లి మాత్రం, ఏడాదిన్నరలో పైలట్ అయ్యేదాన్ని ఆపామేమో అని అప్పుడప్పుడు బాధపడుతుంది.

ఆ బాధ ఊరకనే వచ్చినది కాదు. ఎదుటి పక్షపు వాదనలో బలమున్నది. విమాన సంస్థలలో ముందు చేరినవాడు ముందు. సీనియారిటీ చేరిన తేదీ నుండి లెక్క. కెప్టెన్ కాగోరేవారికి కావలసిన పై లైసెన్సుకు 21 ఏండ్లు, 1,500 గంటలు ఉండవలెను. పద్దెనిమిదిలో మొదలుపెట్టినవాడు ఇరవై రెండింటికే కుడి సీటులో కూర్చోగలడు. డిగ్రీ ముగించి మొదలుపెట్టినవాడు ఇరవై అయిదుకు. విరమణ ఇద్దరికీ 65 ఏండ్లే. పోయిన మూడేండ్లు చివరి మూడేండ్లు, అనగా జీతం అత్యధికంగా ఉండే మూడేండ్లు. కనుక చేతిలో సొమ్మున్నవారు, ఉన్న ఒక్క ఇంటిని కదిలించనక్కరలేనివారు, క్లాస్ వన్ పాసైన బిడ్డ గలవారు ఆలస్యం చేయనక్కరలేదు. నేరుగా పంపండి, దూరవిద్య డిగ్రీ చేతిలో పెట్టి పంపండి. ఇల్లొకటే ఉన్నవారికి మాత్రం, ముందు డిగ్రీ లేక వాయుసేన పరీక్ష అని నేను చెబుతాను. ఇంటిమీద అప్పుతో ఆకాశానికి పోయిన బిడ్డ అక్కడ కూడ నెల మొదటి తారీఖునే తలంచుకొంటూ ఉంటాడు.

శిక్షణ సంస్థను ఎంచుకొనేటప్పుడు రంగుల కాగితాలు చూడకండి. వెళ్ళి చూడండి. విమానాలు ఎన్ని ఉన్నవి అని గాక, నేడు ఎగరగలిగినవి ఎన్ని అని అడగండి. ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది శిక్షకులు, పోయిన నెలలో ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఎగిరారు అని అక్కడి పిల్లలనే అడగండి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టవద్దు. 2025 నుండి డి.జి.సి.ఎ. వారు ఈ సంస్థలకు శ్రేణులు ప్రకటిస్తున్నారు, అది చూడండి. రాయబరేలి వైపు ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ అకాడమీకి ప్రవేశ పరీక్ష ఉన్నది, ముందు దానికి ప్రయత్నించండి. విదేశంలో నేర్చుకొని వచ్చినా ఇక్కడి వ్రాత పరీక్షలు, వైద్య పరీక్ష తప్పవని తెలుసుకోండి. గంటలు ఎక్కువ వ్రాసి ఇస్తాం, మార్కులు తెప్పిస్తాం అనేవారు కనిపిస్తే అక్కడినుండి లేచి రండి. 2011లో దొంగ మార్కుల పత్రాలతో లైసెన్సు పొందిన పైలట్లు పట్టుబడి జైలుకు వెళ్ళారు. వారు మోసగించినది ఎవరినో కాదు, వెనుక కూర్చున్న నూటయాభై మందిని.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. ఈ కోరిక బిడ్డదేనా? ఫోటోలో తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు గీతలు చూచి మేనత్తకు పుట్టిన కోరిక కాదు గదా? ఒక అబ్బాయిని నేను వేరుగా కూర్చోబెట్టి అడిగితే, తనకు ఎత్తంటేనే భయమని చెప్పాడు. తండ్రికి చెప్పే ధైర్యం లేదు. ఆ ఉద్యోగంలో తెల్లవారుజామున మూడింటికి లేవవలెను. ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు, చెల్లెలి పెండ్లినాడు కూడ డ్యూటీ పడవచ్చు. పైలట్లకు వారానికి విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెంచిన కొత్త నిబంధన 2025లో వచ్చింది. ఆ నిబంధనలకు తగినంతమంది పైలట్లను సిద్ధపరచుకొనక అదే డిసెంబరులో ఇండిగో వేలాది ప్రయాణాలు రద్దు చేసింది. విమానాశ్రయాలలో జనం పడిన పాట్లు మీరందరూ ఎరుగుదురు. నిద్రలేమి ఎంతటి సమస్యయో దీనివలన తెలుస్తుంది. ఫీజు కట్టక ముందు ఏ ఫ్లయింగ్ క్లబ్బులోనైనా అరగంట విమానంలో కూర్చోబెట్టి చూడండి. దిగినప్పుడు బిడ్డ ముఖం చూడండి. తెల్లబోయినదా, వెలిగినదా అన్నది మీకే తెలుస్తుంది, పాదిరిగారు చెప్పనక్కరలేదు.

ఎన్.డి.ఎ. దరఖాస్తు ప్రకటన వచ్చినప్పుడు ఆలయపు నోటీసు బోర్డు మీద పెట్టుటకు యౌవనస్థుల కార్యదర్శి ఒప్పుకొన్నారు. ఈ సంవత్సరం ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నవారు పేర్లివ్వండి. కంటి డాక్టరుగారొకరు వచ్చే నెల రెండవ శనివారం రంగుల పరీక్ష ఉచితంగా చేస్తామన్నారు. ప్రశ్నలున్నవారు ఇప్పుడు అడగవచ్చు. ఇంటి విషయాలు గలవారు సాయంత్రం ఇంటికి రండి.